కిష్టవ్వను తోలుకొద్దామని

1968లో ఒక ఆదివారం మధ్యాహ్నం, నాంపల్లిలోని మెకానిక్ షెడ్డు ముందు లారీ డ్రైవర్ బీరయ్య తన పాత ఆస్టిన్ కారును ఆపాడు. పదకొండేళ్లు కష్టపడి బాగుచేసుకున్న కారు అది. మేస్త్రీ రాజనర్సు ఎదురొచ్చాడు.

“ఎట్ల నడిచింది, బీరన్నా?”

“మంచిగ నడిచింది. సిద్దిపేట దాంక పోయొచ్చిన. యాడా ఆగలే.”

“మరి తోలుకొస్తనని పోతివి, వదిన రాలేదా?”

“కిష్టవ్వ మారుమనువు పోయిందట. అయిదేండ్లాయె.”

“నీకు ఎవ్వరూ చెప్పలేదా?”

“నేను ఎవర్నన్న అడిగితే గదా. డ్యూటీల ఉంటే లారీ, దిగితే గీ కారు. గందుకే తల్లిగారింటికి పోయింది. కారు తయారైనంక పోయి తోలుకొద్దాం అనుకున్న.”

“నిన్ను చూసి ఏమన్నది?”

“బయటికొచ్చి కారు దిక్కు చూసింది. ‘నడుస్తున్నదా’ అన్నది. ఆమె పెనిమిటి మంచోడే. కుర్చీ ఏసి నీళ్లిచ్చిండు. పిల్లలిద్దరు కారెక్కుతమని ఏడిస్తే ఊరంత తిప్పిన.”

“వదిన ఎక్కలేదా?”

“ఎక్కలే. మేం వచ్చేదాంక వాకిట్లనే నిలవడ్డది. పిల్లలను దింపుకొని, ‘పైలంగ పో’ అన్నది.”

రాజనర్సు చేతులకంటిన గ్రీజు తుడుచుకున్నాడు.

“అన్నం తిన్నవా?”

“లే.”

“పా, అబిడ్స్ దిక్కు పోయి తిందాం. నేను ఎనక సీట్ల కూసుంట, నవాబు లెక్క.”

“ఎనక వద్దు, రాజనర్సూ. ముందట నా పక్కకు కూసో. పొద్దటి సంది తొవ్వ పొడుగూత ఎవ్వరితోని మాట్లాడలే.”