సూరాయమ్మ కోళ్ల పొడి

సూరాయమ్మ అని ఒకావిడ ఉండేదంట. మూడు వేల బాయిలర్ కోళ్ల షెడ్డు ఆవిడది. కోడిపిల్లల్నీ దాణానీ కంపెనీ ఇస్తుంది, నలభై రోజులు పెంచి అప్పజెప్పడం ఈవిడ పని. మొగుడు భద్రాచలం. ఆయనకి కోడి తుమ్మితే నీళ్లలో యాంటీబయాటిక్ కలపాలి, తుమ్మకపోతే రేపు తుమ్ముతుందేమోనని కలపాలి. అలాంటి మనిషి అనుకోండి. ఏమైందంటే, ఒకనాడు కంపెనీ డాక్టరమ్మ వచ్చి, "సూరాయమ్మగారూ, ఈ బ్యాచ్‌లో మీ అంతట మీరు యాంటీబయాటిక్ మందు చుక్క కూడా పొయ్యడానికి వీల్లేదు. మాంసం పరీక్ష చేస్తారు. ఆనవాలు దొరికిందా, మీ షెడ్డుకి ఇక పిల్లలు రావు" అందంట. మరి రోగం వస్తేనో అంది ఈవిడ. "ముందు పొట్ట గట్టిగా ఉంచాలి. వెల్లుల్లి, వాము, పసుపు, శొంఠి ఎండబెట్టి దంచి దాణాలో కలపండి. కింద పరిచిన ఊక తడవనివ్వకండి. అప్పటికీ జబ్బు చేస్తే దాచకుండా నాకు ఫోను చెయ్యండి" అని కొలతలు రాసిచ్చి వెళ్లిందంట.

సూరాయమ్మ వెళ్లి నూకాలమ్మ తల్లికి మొక్కుకుంది. ఈ బ్యాచ్ గట్టెక్కితే మొదటి కోడి నీదే తల్లీ అని. అమ్మవారి కోడి తినే పొడి కాబట్టి అదీ నైవేద్యమే అనుకుంది. నైవేద్యం ఎవరైనా రుచి చూస్తారా? చూడరు. వాసన కూడా చూడరు. తలంటుకుని, ముక్కుకి చెంగు అడ్డం కట్టుకుని, దంచి జాడీలకి ఎత్తేదంట. ఆ చెంగు గుర్తుపెట్టుకోండి, కొంపముంచింది అదే.

భద్రాచలం ఒకరోజు వేడన్నంలోకి ఆ పొడి ఒక చెంచా వేసుకున్నాడంట. ఉప్పూ కారం తగిలించి, నెయ్యి వేసి. అంతే! రెండోరోజు గరిటెడు, మూడోరోజు గిన్నెడు. ఒక్కడే తింటే పాపమని పక్కింటి మహలక్ష్మికి పంపాడు, ఇడ్లీకొట్టు పేరయ్యకి పంపాడు. పేరయ్య కొట్టు ముందు తిరణాలే అనుకోండి. మరి జాడీ ఖాళీగా కనపడకూడదు కదా? తవుడు పోసి, పసుపు చల్లి కలిపేవాడంట. సూరాయమ్మ రుచి చూడదు, వాసన చూడదు. ఊరికి పొడి, కోళ్లకి తవుడు.

ఇరవయ్యోరోజు ఏమైందంటే, కోళ్లు రెక్కలు వాల్చేశాయంట. నీళ్లవిరేచనాలు. ఊరు మాత్రం మిలమిల! ఏడాది పొడుగునా దగ్గే పేరయ్య పాటలు పాడుతూ ఇడ్లీలు దింపుతున్నాడంట. సూరాయమ్మ నెత్తిన చేతులు పెట్టుకుంది, షెడ్డు పోతే ఎలా బతికేది తల్లీ అని. భద్రాచలం ఊరుకుంటాడా? దాచుకున్న పాత మందు పొట్లం పట్టుకుని నీళ్ల ట్యాంకు ఎక్కాడంట.

"దిగవయ్యా! చుక్క పడిందా, షెడ్డు మూతే!"

"కోళ్లు పోతాయే!"

"ఎందుకు పోతాయి? రోజూ పొడి పెడుతున్నాను కదా?"

సరిగ్గా అప్పుడే మహలక్ష్మి గిన్నె పట్టుకొచ్చి, "వదినా, అన్నయ్యగారు పంపిన పొడి అయిపోయింది, ఇంకో గిద్దెడు పెడుదూ" అందంట.

సూరాయమ్మ ముక్కు మీది చెంగు విప్పింది. జాడీలో చెయ్యి పెట్టింది. నోట్లో వేసుకుంది. తవుడు! అరిచిందా అంటే, అరవలేదంట. "దిగండి" అంది. పెళ్లైన నాటినుంచీ 'ఏవయ్యా' అన్న మనిషి 'దిగండి' అనేసరికి, ఆయనకి ట్యాంకు మీదే చెమటలు పట్టాయంట.

సూరాయమ్మ ఫోను చేస్తే డాక్టరమ్మ వచ్చింది, చూసింది. ఇంకా చెయ్యి దాటిపోలేదు, నలతగా ఉన్నవాటిని వేరుచేసి, అసలు పొడి పెట్టండి అంది. అంత పొడి ఎక్కణ్ణుంచి వస్తుంది? "తిన్నవాళ్లందరూ రోకళ్లు పట్టుకు రండి!" అందంట సూరాయమ్మ. వచ్చారండీ, వీధి వీధంతా! దంపుడే దంపుడు, తుమ్ములే తుమ్ములు. వాము ఘాటుకి కళ్లనీళ్లు, ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వులు. పేరయ్య తుమ్మితే కోళ్లు ఉలిక్కిపడి లేచాయంట. మూడోరోజుకి దాణా తొట్ల దగ్గర తోపులాట. నలభయ్యోరోజు పరీక్షలో మందు ఆనవాలు లేదు, షెడ్డుకి కొత్తపిల్లలు దిగాయి, నూకాలమ్మకి కోడి చెల్లింది.

ఇప్పుడు సూరాయమ్మ ప్రతి జాడీ రుచి చూశాకే దాణాలో కలుపుతుందంట. అమ్మవారికి తప్పు కాదా అంటే, తల్లికి తవుడు తిన్న కోణ్ణి పెట్టడమే తప్పు అంటుందంట. నేను మాత్రం ఆ పొడి ఎన్నడూ అడగలేదు. గిన్నెలు పట్టుకెళ్లినవాళ్లు ఇక్కడే కూర్చుని నవ్వుతున్నారు, పేర్లు చెప్పను.