ఇత్తడి చక్రం

సత్యనారాయణపేటలో, ఫౌండ్రీ అమ్మేసి ఇంటిపట్టున కూర్చున్న వెంకట్రావు ఇంటి వెనక రేకుల షెడ్డు. కొలిమిలో ఇత్తడి కరుగుతోంది. పనిమనిషి దుర్గక్క బ్లోయరు తిప్పుతోంది.

“బొమ్మ అంటావేంటి దుర్గక్కా? మా తాత రైసుమిల్లులో ఉండే ఆవిరింజనుకి అచ్చంగా నకలు. కొలతలు పదోవంతు, అంతే. సిలిండరు నేనే పోశా, పిస్టను నేనే పోశా. ఈ పెద్ద చక్రం ఒక్కటీ పడిందా, ఇక మంట పెట్టడమే.”

“మంట పెడితే తిరుగుతాదా సార్?”

“తిరక్కేం. ఆదివారం ఫౌండ్రీ పాతవాళ్లందర్నీ పిలిచా, వాళ్ల ముందే తిప్పుతా. అచ్చులో ఇసుక చూశావా?”

“సూసినా.”

“ఆరిందా అని.”

“సూసినా అంటి కద సార్. పాతోళ్లంటే అందరూనా?”

“అందరూ. పెదబాబు, గాదిలింగప్ప...”

“నారప?”

“ఏ నారప?”

“మీ ఫౌండ్రీలో ఇనుము పోసేటోడు. కాలి సచ్చిపాయ కద.”

“వాడా. వాడి ఊసు ఇప్పుడెందుకు? బ్లోయరు ఆపకు.”

“యాడ ఆపినా? సుమ్నె, ఊరికే అడిగినా. మా ఊరు బండ్రిలో అంటాంటారు. ఆ పొద్దు వానంట, రేకులు కారి అచ్చులు తడిసినాయంట, ఇప్పుడొద్దు సార్ అని వాడు అనెనంట. లారీ వచ్చి నిలబడింది, ఇనుము పొయ్యిరా అని మీరు...”

“ఎవడన్నాడు? అచ్చులు ఆరే ఉన్నాయి. వాడే తాగొచ్చాడు. తాగి అడ్డదిడ్డంగా పోశాడు, పేలింది. పోలీసులకీ అదే చెప్పాం. అయిపోయిన కథమ్మా అది.”

“మీకు అయిపాయ. వాని బిడ్డని ఈ పొద్దుకీ తాగుబోతు నారప కూతురు అనే పిలుస్తాండారు. మెడలో పండరాపురం తులసిమాలేసినోడు సార్ వాడు. సారాయంగడి ఉండే సందులో అడుగు పెట్టేటోడు కాదు.”

“వాడి మాల సంగతి నీకెలా తెలుసు?”

“కరిగె సార్. ఎత్తండి.”

“ఆ... అవునవును. పటకారు ఇటివ్వు. జరుగు, జరుగు. కరిగిన ఇత్తడి మూస చేతిలో ఉన్నప్పుడు మాట్లాడించకు నన్ను... ఇంతకీ ఏమవుతాడు నీకు వాడు?”

“మొగుడు.”

“ఏంటీ?”

“పీనుగ పక్కన మీ గేటు కాడ కూసోనుంటి. కారులో పోతా పోతా మీరు నా మొకం సూడలేదు. సూసింటే పనికి పెట్టుకొనుండరు.”

“ఏడాది నుంచి నా ఇంట్లో...”

“అంట్లు తోమినా. ఉసుకు జల్లించినా. ఈ పొద్దు కోసరమే. నిలబడితిరేం సార్, చల్లారిపోతాది. పొయ్యండి.”

“దుర్గక్కా, ఇసుక... ఇసుక చూశానన్నావు.”

“సూసినా. బాగ ఆరిండె. అందుకే చెంబెడు నీళ్లు పోసినా.”

“ఓసి పాపిష్టిదానా. చంపుదామనా?”

“సంపేదాన్నయితే చెప్తానా?”

“తడి మీద పడితే ఆవిరై ఎగజిమ్ముద్దే. మొహాన కొడుద్ది. కళ్లు పోతాయి, చర్మం ఊడొస్తది. తెలిసి తెలిసి తడి అచ్చులో ఎవడన్నా పోస్తాడా?”

“వాడూ ఇదే అనె. ఆదివారం అందరి ముందర చెప్తారా ఈ మాట? అచ్చు తడిసి పేలె, నారప తాగలేదు అని. అంతే, ఇంకేమీ అడగను.”

“అది వేరు, ఇది వేరు. వాడు తాగున్నాడు కాబట్టే పేలింది. ఎన్నిసార్లడిగినా అంతే.”

“అట్లనా. తాగినోడు పోస్తేనే పేలేదా? నువ్వు తాగలేదు కదప్పా. పొయ్యి.”