గొంతు పరీక్ష

బెంజ్ సర్కిల్ పక్క సందులోని కంప్యూటర్ రిపేరు షాపు. కౌంటరుకి అటు మెకానిక్, ఇటు రమాసుందరి; మధ్యలో ఆమె లాప్‌టాప్ తెరిచి ఉంది.

“విండోస్ మళ్ళీ వేసినప్పుడు సౌండ్ డ్రైవర్ ఎక్కలేదు మేడమ్. అందుకే స్పీకరూ పలకట్లేదు, మైకూ పనిచెయ్యట్లేదు. ఎవరు వేశారండి?”

“నేనేనండి. పోయిన ఆదివారం, ఫోన్లో వీడియో చూసి వేసుకున్నా.”

“ఇవాళ శనివారం. ఇంటి నుంచే ఉద్యోగం అన్నారు, మీటింగులుండవా?”

“రోజూ ఉంటాయండి. వాళ్ళు మాట్లాడేదంతా స్క్రీన్ మీద అక్షరాల్లో పడుతుంది. చదువుకుంటూ కూర్చున్నా.”

“మరి మీరు మాట్లాడాల్సొస్తే?”

“రాలేదండి.”

“వారమంతా?”

“నా పేరు ఎక్కడన్నా పడుతుందేమోనని చూస్తూనే ఉన్నాను.”

“...సరే, డ్రైవర్ ఎక్కింది. మైకు చూద్దాం, ఏదో ఒకటి మాట్లాడండి, రికార్డవుతుంది.”

“హలో. నేను రమాసుందరిని. నా మాట వినపడుతోందా?”

“ఇదిగో, వినండి.”

“బొంగురుగా వస్తోంది కదండీ. ఇంకా ఏదో తేడా ఉన్నట్టుంది.”

“మైకు బాగానే ఉంది మేడమ్. మీ గొంతే అలా ఉంది. జలుబు చేసిందా?”

“జలుబేం లేదండి. ఈ వారంలో నేను నోరు తెరవడం ఈ షాపులోనే మొదలు.”