పుర్రె బొమ్మలు

అరకు దగ్గర కొండవాలు ఊరు. వాకిట్లో కాఫీ గింజలు ఎండబోసుకుని కూర్చున్న భీమన్న పక్కన, ఫోనులో తాత డోలు వీడియో పెట్టుకుని మనవరాలు వెన్నెల.

"మళ్ళీ సూపించు. ఎన్ని పుర్రెలో సూడవే గుంటా!"

"పొద్దుట్నుంచీ అదే పాట. ఆదివారం డోలుకి నువ్వే కావాలని రిసార్టువాళ్ళు నాలుగుసార్లు ఫోన్ చేశారు. డోలు ఏది తాతా? మూల ఖాళీగా ఉంది."

"ఉంటాదిలే ఎక్కడో."

"ఎక్కడో అంటే? కొత్త తోలు వేయించినా మళ్ళీ ఎలకలు కొరుకుతాయి. చైత్ర పండక్కి ఏమైంది? తెల్లారేసరికి తోలు చీలిపోయి, పండగంతా మల్లేశు తాతే తన డోలు వాయించాడు. నువ్వు దుప్పటి ముసుగేసుకుని పడుకున్నావు."

"ఆ ఎలకలు మహా సెడ్డయి. పండగ ముందే కొరకాలా... ఆ ఊసొదిలీ. నా బొమ్మ కింద ఈ పుర్రెలెట్టినోల్లు ఎవుల్లు?"

"నీకసలు ఎవరు చూపించారు?"

"జీపు తోలీ ఫల్గుణ. 'తాతా, వైరలయిపోనావు' అన్నాడు. నాను వైరల్ జొరం అనుకున్నాను. తీరా సూత్తే పుర్రెలు!"

"పుర్రె అంటే నవ్వు తాతా."

"ఏటీ?"

"నవ్వి నవ్వి చచ్చిపోయాం అని. వాయిస్తుంటే నీ తలపాగా ఊడి కళ్ళమీద పడింది కదా. అయినా డోలు ఆపలేదు కదా. దానికి."

"పుర్రెకి పెదాలే ఉండవు. ఏటి నవ్వుద్దే?"

"అబ్బ!"

"మరి ఈ మంట? ఇది కడుపుమంట కాదేటి?"

"కాదు. ఫైర్. అదరగొట్టావని."

"ఇదో, ఈడు తెలుగులోనే రాసినాడు, నాను సదవగల్ను. 'తాత చంపేశాడు.' నానెవుల్ని సంపేనే? పోలీసోలు సూత్తే?"

"బాగా వాయించావని అర్థం!"

"బాగుంటే బాగుందనకూడదేటి?"

"అలా అంటే ముసలోళ్ళ మాటలా ఉంటుంది."

"సర్లే. మరి ఈ ఎర్ర గుండెకాయ? ఇదెట్టినోడు మంచోడై ఉంటాడు. నా మీద పేనం ఉన్నోడు."

"దానికి పెద్ద అర్థం లేదు. చూడకుండానే నొక్కేస్తారు."

"అయితే గుండెకాయ ఇచ్చినోడు నన్ను సూళ్ళేదు. పుర్రె ఇచ్చినోడు నన్ను మెచ్చుకున్నాడు."

"హమ్మయ్య! ఇప్పటికి పట్టుకున్నావు. లే, డోలు తీసి ఎండలో పెడదాం."

"గింజలు తిరగెయ్యి బేగి. ఒకేపక్క ఎండిపోతన్నాయి."

"తాతా. డోలు ఏది?"

"మల్లేశుకిచ్చీసేను."

"మల్లేశు తాతకా! మీ ఇద్దరికీ మాటలే లేవు కదా!"

"నిన్న సంతలో మాటాడుకున్నాం. పుర్రెలు సూడగానే నాకు తెలిసిపోనాది, ఆడే అందరిసేతా ఎట్టించేడని. నా సావు కోరీవోడు ఈ ఊర్ల ఇంకెవుడున్నాడు? మా అయ్య ఆ డోలు నా సేతిలో ఎట్టిన కాడ్నుంచీ ఆడికి కంటికి కునుకు లేదు. నిలబెట్టి అడిగీసేను."

"ఏమని?"

"'ఒరే మల్లేశూ, ఆ పని సేసింది నువ్వే కదరా' అని."

"అయ్యో, అయ్యో! ఆయన తిట్టలేదా?"

"తిట్టడమేటి! కాళ్ళమీద పడిపోనాడు. 'నానే అన్నా, బుద్ది గడ్డి తింది, ఓర్వలేక సేసేను' అని ఒకటే ఏడుపు. సింతపండు అమ్మీవోల్లు కూడా లేచి నిలబడి సూత్తన్నారు. నాకే సిగ్గేసింది."

"అందుకని డోలిచ్చేస్తావా?"

"లోకమంతా సావమని పుర్రెలెడతంటే నాకింక డోలెందుకే? రేత్రి డోలట్టుకుని ఆడింటికెల్లి, నువ్వే వాయించుకోరా అన్నాను. ఆడు తీసుకోనంటే బతిమాలి మరీ బుజానికి తగిలించేను. తెల్లవార్లూ నన్ను నానే మెచ్చుకున్నాను, ఏటి మనసురా భీమన్నా నీది అని."

"తాతా, ఒక్కమాట."

"ఏటి?"

"మల్లేశు తాతకి ఫోను లేదు."

"లేదేటి?"

"బటన్ల ఫోను కూడా లేదు. ఆయనకి కబురు చెప్పాలంటే మనిషిని పంపాల్సిందే. నీ వీడియో ఆయన చూసే ఉండడు."

"ఒప్పుకున్నాడే మరి!"

"నువ్వు పుర్రె మాట ఎత్తావా?"

"నాను... 'ఆ పని' అన్నాను."

"మరి ఆయన ఏ పని ఒప్పుకున్నాడు?"

"వెన్నెలా... ఎలక కొరికితే డోలు తోలు కత్తెట్టి కోసినట్టు అంత తిన్నగా తెగుద్దేటే?"