తెల్లబూజు కుండ

కాలవగట్టు కింద వంగతోటలో కామందు ఒక మొక్క పీకి వేళ్లు చూశాడు. కౌలురైతు తలగుడ్డ తీసి నిలబడ్డాడు.

"వేరుకి ఒక్క బుడిపె లేదేంట్రా? ఏం చేశావు?"

"తెల్లబూజు పట్టిన వేపపిండి, మొక్కకో గుప్పెడు వేశానండి. మట్టిలో వేళ్లు కొరికి బుడిపెలు తెప్పించే పురుగుని ఆ బూజు తినేస్తాదండి."

"బూజెక్కడిది?"

"ఇంట్లో కుండలో పెంచుతున్నామండి. చేను తేరుకోడానికి మూడేళ్లు పట్టిందండి."

"మంచిది. వచ్చే పంటకి ఈ చేను మా బావమరిది చేస్తాడు."

"అయ్యా, చచ్చిన చేనని మీరే గదండి నాకిచ్చారు! ఇప్పుడిప్పుడే కాస్తోందండి."

"అందుకేరా. గట్టవతల చేను నిండా బుడిపెలే. కుండ తీసుకుని రేపు అందులో దిగు."

"అది బాగుపడ్డాకైనా నాకుంచుతారాండి?"

"చెడిన చేలు నాకింకా పదకొండున్నాయిరా."