కిటికీ సందులో తీగ

గాలి కొడుతోందని నెట్ తీగ కోసేస్తారా అత్తయ్యా? ఎదురు బ్లాకు నుంచి మన కిటికీ సందులోకి ఆ తీగ ఎన్నేళ్ళుగా వస్తోంది, ఆ సందు గాలికి ఎవరి మెడైనా పట్టేసిందా? చెవుల్లో దూది ఉంది, మీద శాలువా ఉంది, ఇంకా ఆ కాస్త గాలికి భయమేమిటి మీకు? కోసి, కిటికీ బిగించి, ఇనుప షట్టరు కూడా దించి, ఏమీ ఎరగనట్టు బీన్స్ సూప్ కలుపుకుంటున్నారు.

నాలుగింటికి మీ అబ్బాయి సిల్వియు అక్కడ జైల్లో వీడియో కాల్ కోసం తెర ముందు కూర్చుంటాడు. నెలకి ఒక్కసారి. నేను కనబడకపోతే లేపి తీసుకెళ్ళిపోతారు, మళ్ళీ వచ్చే నెలే.

ఎదురింటి ఒలింపియా దగ్గరికెళ్ళి ఆయనతో మాట్లాడనా? బాగుంది. మీ అబ్బాయి ఇటలీలో పెయింటు పని చేస్తున్నాడని మెట్ల మీద కనబడ్డ ప్రతివాళ్ళకీ చెప్పిందెవరు? ఇప్పుడు ఆవిడ సోఫాలో కూర్చుని, ఇదిగో ఇటలీ అని చూపించనా?

అందుకేగా బజారుకి పరిగెత్తి ఈ వైర్‌లెస్ కార్డు కొనుక్కొచ్చాను. తన వైఫై వాడుకోమంది ఒలింపియా, ఆ మాత్రం మంచితనం ఉంది. కార్డు పెట్టగానే పనిచేస్తుందన్నాడు షాపువాడు. అందరి కంప్యూటర్లలోనూ చేస్తుందేమో. మీ అబ్బాయి అందరిలా ఉంటేగా, విండోస్ కాదని లినక్స్ వేసుకున్నాడు. అందులో ఈ కార్డుని నడిపే డ్రైవర్ ప్రోగ్రాం లేదట, నెట్‌లోంచి దించుకోవాలట. నెట్టే ఉంటే నాకీ కార్డెందుకు? పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు. దీని గుట్టు తెలిసినవాడు ఒక్కడే, ఆయనేమో లోపలున్నాడు.

మళ్ళీ ఒలింపియా కాళ్ళా వేళ్ళా పడి, ఆ డ్రైవర్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకొచ్చాను. ఎక్కించబోతే పాస్‌వర్డ్ అడిగింది. నా పేరు కొట్టాను, కాదంది. మా పెళ్ళి తేదీ కొట్టాను, కాదంది. చివరికి మీ పేరు కొట్టాను, యెఫ్తీమియా అని. వెంటనే ఒప్పుకుంది. నవ్వకండి అత్తయ్యా, నాకు ఏడుపొస్తోంది.

కార్డు దీపం వెలిగింది, నిజమే. ఒలింపియా నెట్ పేరు ఇలా కనబడుతుంది, అలా పోతుంది. ఈ కాంక్రీటు గోడా, ఆ ఇనుప షట్టరూ దాటి రావడం లేదు. యాంటెన్నాని కిటికీ గట్టు మీద పెడితే వస్తుందేమో. షట్టరు ఎత్తాలి, కిటికీ తెరిచి ఉంచాలి. బయట మార్చి గాలి. మిమ్మల్ని ఏమని అడగను?

ఒక్క మాట చెప్పనా? పొద్దున తీగ తెగి ఉండటం చూడగానే, మిమ్మల్ని తిట్టుకునే ముందు, ఒక్క క్షణం నా ప్రాణం తేలికపడింది. నిన్న లాయరు ఫోన్ చేశాడు. అప్పీలు కొట్టేశారట. మీ అబ్బాయి ఈ ఈస్టర్‌కి రాడు, వచ్చే ఈస్టర్‌కీ రాడు. వదిలేస్తారని సంచీ సర్దుకుని కూర్చున్నాడు అక్కడ. ఆ కోర్టు కాగితం చేతికి అందేలోపు ఆయన నా నోట వినాలి. మీకూ చెప్పలేదు. ఎలా చెప్పను?

ఎక్కడికి లేచారు? ఆగండి, ఆ షట్టరు బరువు, నేనెత్తుతాను. అయ్యో, చెవుల్లో దూది తీసేశారేం?

సిగ్నల్ వచ్చింది. గీతలన్నీ నిండాయి.

రండి, నా పక్కన కూర్చోండి. శాలువా ఇద్దరికీ సరిపోతుంది. కళ్ళు తుడుచుకోకండి, ఉండనివ్వండి. మీ ముఖం చూస్తే ఆయనకి అర్థమైపోతుంది. నాకు చెప్పే పని తప్పుతుంది.