సుగుణ వదిన ఎంబడి

ఏందే రుచితా, గవి కొత్త బూట్లా? గుట్టలకా? ఏమంటరు దాన్ని... ఆ, ట్రెక్కింగ్. పట్నం నుంచి బస్సు మాట్లాడుకొని వస్తున్నరా మీ దోస్తులంత? పోండ్రి, మంచిదే. మొగుడంపల్లి దిక్కు గుట్టలు ఈ వానలకు మస్తు పచ్చగుంటయ్. కూసో జర, చాయ్ తాగి పోదువు, ఆటోలు యాడికి పోతయ్. నవ్వొస్తుందే నాకు. నవ్వు సుత కాదు, ఏందో... గా గుట్టల పేరు ఇంటె పాణం అలిసినట్టయితది. ఊకె నడిచేటందుకు గుట్టకు పోతమంటె ఇప్పుడెవ్వరు ఏమనరు. మా దినాలల్ల గట్ల కాదు. మేకలుంటె పోవాలె, కట్టెలకు పోవాలె, తునికాకుకు పోవాలె. ఉత్త చేతులతోని పోయి ఉత్త చేతులతోని వచ్చిండంటె, వీనికేదో అయిందిరా అందురు. మా అన్నను గట్లనే అన్నరు. మా చంద్రన్న, చంద్రప్ప. నువ్వు చూడలే. చూసినవ్ గని ఊయలల ఉన్నవ్ అప్పుడు, నీకేం యాదుంటది.

చంద్రన్న లారీ తోలుతుండె. బొంబాయి రోడ్డు మీదనే ఆయన బతుకంత. చిరాగ్‌పల్లిల మా అమ్మోళ్లిల్లు రోడ్డుకు ఆనుకొనే ఉండె, లారీలు పోతుంటె అర్రల గిన్నెలు గజగజ కదులుతుండె. నన్ను సుత ఆ ఊర్లనే ఇచ్చిన్రు, రెండు గల్లీల అవతల, గందుకె అన్ని నా కండ్ల ముంగటనే అయినయ్. మా వదిన పేరు సుగుణమ్మ. బీదర్ అవతలి పిల్ల, వచ్చిన కొత్తల సగం కన్నడం మాట్లాడుతుండె, మేం నవ్వుతుంటిమి. మస్తు మాటకారి అప్పుడు. వాళ్లకొక్కడే కొడుకు, గిరీశ్. మూడేండ్లోడు. ఒక ఎండకాలం జరమొచ్చింది వానికి, మీదికెల్లి ఫిట్స్ కొట్టినయ్. జహీరాబాద్ దవాఖానకు ఏసుకొని పోతుంటె తొవ్వలనే పోయిండు, వదిన ఒళ్లెనే. చంద్రన్న ఆ దినం షోలాపూర్ అవతల యాడనో ఉన్నడు. గప్పుడు సెల్‌ఫోన్లా ఏమన్ననా? డ్రైవర్ల నోట ఆ మాట ముట్టి ఆయన వచ్చేవరకు అంత అయిపోయె. పిలగాన్ని పెట్టిన జాగల మన్ను సుత ఆరింది. ఆయన పోయి ఆ మన్ను మీద చెయ్యి పెట్టుకొని కూసున్నడు. ఇగ మల్ల డ్యూటీకి పోయిండు. పోక ఏంజేస్తడు, మాలు ఆగదు కద.

గప్పటి సంది వదిన మాట బంద్ అయింది. తినుమంటె తింటది, పండుమంటె పంటది. గని అందరం పనిల పడంగనే లేచి రోడ్డెక్కుడు. ఒక్కటే తీరుగ నడుసుకుంట పోవుడు. ఎన్నిసార్లు పట్టుకొచ్చినమో! ఒకపారి ఒక లారీవాడు బ్రేకు తొక్కి, ఇగో గింత దూరంల ఆపిండు. మా అమ్మకు భయం జొర్రింది. పాత చీర తెచ్చి వదిన నడుముకు కట్టి ఇంటి మొగురం కంబానికి ముడేసింది. మా అమ్మ చెడ్డది కాదు బిడ్డా. కోడలు లారీ కిందబడి సస్తదని భయం, గంతె. గప్పుడే వచ్చిండు చంద్రన్న. చేతుల సంచి ఉన్నది, ఆమెకు తెచ్చిన చీర ఉన్నది దాంట్ల. కడప కాడ నిలవడి చూసిండు. కింద కూసొని ముడి ఇప్పవట్టిండు. గట్టిపడ్డది అది, గోర్లకు రాకపోయె, పండ్లతోని కొరికి ఇప్పిండు. మా అమ్మ "అరే, రోడ్డు మీదికి పోతదిరా!" అని మొత్తుకున్నది. ఆయన అన్నడు, "అమ్మా, ఆమె నడుస్తనంటె నడువనియ్యి. నేనెంబడి పోత." "ఎన్నొద్దులు పోతవ్ రా? లారీ ఎవడు తోల్తడు?" "తోలేటోళ్లు మస్తుమంది ఉన్నరు" అన్నడు. ఇగ మల్ల లారీ ఎక్కలే.

రోడ్డు మీద లారీల భయం కద, గందుకని ఏం చేసిండంటె, ఆమె బయటికెల్లంగనే మోచెయ్యి పట్టుకొని మెల్లగ ఎనుక దిక్కు తిప్పుతుండె. ఎనుకకు చేండ్లు, చేండ్లు దాటితే గుట్టలు. పొద్దుగాల పోతె ఎండ నెత్తికెక్కేదాక అదే నడుసుడు. క్లచ్చు బ్రేకు తొక్కిన కాళ్లాయె, రెండు దినాలకే బొబ్బలెక్కినయ్ చంద్రన్నకు. ఆమెకు ఏం లేదు. ఆమె ముంగట, ఈయన ఎనుక. ఆ ఎర్ర రాళ్లు, ముండ్ల చెట్లు, ఒక గుట్ట ఎక్కుడు దిగుడు, మల్లొక గుట్ట. మనుషుల అలికిడి ఉండదు, నెమళ్ల అరుపే. ఉలుకు పలుకు లేని మనిషితోని ఎంతసేపని నడుస్తడు? గందుకె ఆయనే ముచ్చట పెట్టుకుంట పోతుండెనట. ఘాటు రోడ్డుల లారీ ఎట్ల జారింది, ఏ ధాబాల పప్పు మంచిగుంటది, పూనాల ఏ పోలీసోడు సతాయించిండు... క్లీనర్‌తోని మాట్లాడినట్టు. "ఆమె ఇంటుందా లేదా ఎరుక కాదు చెల్లె, గని నేను ముచ్చట ఆపితె ఆమె సుత ఆగుతది. గందుకె ఆపలే" అన్నడు నాతోని. పగటీలి మెకానిక్ షెడ్డుల పని, పొద్దుగాల నడుసుడు. మోదుగు పూసె, రాలె, వానలొచ్చె. ఒక దినం మాపటీలి మా ఇంటికి ఉరుక్కుంట వచ్చిండు. అంగంత చెమట. "చెల్లె, సుగుణ మాట్లాడింది!" "ఏమన్నదన్న?" అంటె, "కాళ్లు గుంజుతున్నయ్ అన్నది" అని నవ్వుతున్నడు, కండ్లల్లకెల్లి నీళ్లు కారుతున్నయ్. మా ఆయన "బామ్మర్దికి సుత పిచ్చి లేసిందేమో" అన్నడు. ఆయనకేం ఎరుక! కొడుకు పోయినంక ఆమెకు తనకొక పెయ్యి, కాళ్లు చేతులు ఉన్నయని మొదటిసారి యాదికొచ్చింది ఆ దినం.

గట్ల మెల్లమెల్లగ మాటలు వచ్చినయ్ వదినకు. ఇంట్ల తక్కువ, గుట్ట మీద ఎక్కువ. ఇగ ఊరోళ్ల సంగతి చెప్పాలె. జనాలకు ఊకుంటె పాణం పట్టదు కద. లారీ ఇడిసిపెట్టిండు, మేకల్లెవ్వు, గొడ్డలి లేదు, ఆలుమగలు దినాం గుట్టకు పోతున్నరు. ఎందుకు? లంకెబిందెలు దొరికినయ్! ఎవడన్నడో మొదలు ఎరుక లేదు గని, పట్టుకున్నది మాత్రం మాణిక్. మా చిన్నాయన కొడుకే, అన్న అన్న అని తిరిగినోడే. వాడు ఇంకో నలుగురిని కూడేసుకొని వీళ్ల ఎంబడి దూరం నుంచి పోవుడు, వీళ్లు యాడ కూసుంటె ఆ జాగ గుర్తు పెట్టుకొనుడు, వీళ్లు లేచి పోయినంక తవ్వుడు. వదిన అలిసి కూసున్న కాడల్ల గుంత! నిమ్మకాయలు, పసుపు, కుంకుమ. చంద్రన్న చూసి సుత ఏమనకపోతుండె. "తవ్వుకోనియ్యి, వాళ్లే అలిసిపోతరు" అంటుండె. అలిసిపోలే. శ్రావణంల గడ్డి పెరిగి గుంతల మీద కమ్మింది. మా వదిన నడుసుకుంట నడుసుకుంట ఒక దాంట్ల పడ్డది. తొడ బొక్క ఇరిగింది.

వీపు మీద ఏసుకొని దిగిండు చంద్రన్న. ఆ రాళ్లల్ల, ఆ వానల. దవాఖానల పట్టీ ఏసి మంచంల పండుకోబెట్టిన్రు. మా అందరికి ఒకటే ఫికర్, నడుసుడు బంద్ అయితె మల్ల మొదటికొస్తదేమోనని. చంద్రన్నకు అందరికంటె ఎక్కువ భయం. ఆ భయంలనే మాణిక్ ఇంటికి పోయిండు. కొడతడేమో అనుకొని నేను ఎంబడి ఉరికిన. కొట్టలే. "మాణిక్, ఏమన్న దొరికెనారా?" అని అడిగిండు. వాడు జర సిగ్గుపడ్డడు, గని ఏమన్నడో ఎరుకనా? "నిజం చెప్పు అన్న, యాడ పెట్టినవ్?" అన్నడు. గప్పుడు కూలవడ్డట్టు కూసున్నడు మా అన్న, వాని ఇంటి అరుగు మీదనే. తెల్లారి పార పట్టుకొని ఒక్కడే గుట్టకు పోయిండు, గుంతలు పూడ్చేటందుకు. వదిననే తోలింది. "ఎవరి మేకనో, ఎవరి పిలగాడో పడతడు, పో" అన్నదట మంచంల నుంచి. ఆయన పూడుస్తుండె. మాణిక్‌గాడు చూసి, ఆహా గీడనే దాసిపెడుతున్నడు అనుకొని మల్ల తవ్వుతుండె. ఈయన పూడ్సుడు, వాడు తవ్వుడు. చలికాలమంత గిదే కథ. యాష్టకొచ్చింది మా అన్నకు. "ఇగ నాతోని కాదు చెల్లె, బొంబాయి పోయి మల్ల లారీ ఎక్కుత" అన్నడు ఒకనాడు. గా మాట వదిన చెవిల పడ్డది.

మరునాడు కట్టె పట్టుకొని లేచింది. గుట్ట దిక్కు పోలే, సీద మాణిక్ ఇంటికి. పది మంది ఉన్నరు ఆడ, ఏదో పంచాతి నడుస్తుంది. ఇన్నేండ్లు మంది ముంగట నోరు తెరువని మనిషి! కుంటుకుంట పోయి వాకిట్ల నిలవడ్డది. "మాణిక్, లోపటికి రాను. ఒక్క మాట చెప్పి పోత. ఇంట్ల ఉంటె నా గిరీశ్ ఏడుపు ఇనొస్తది నాకు. గుట్టల ఇనరాదు. గందుకు పోతం. ఇంకేం లేదు ఆడ. ఉంటె నీకే ఇద్దును" అన్నది. కొడుకు పోయినంక వాని పేరు ఆమె నోట ఇనుడు గదే మొదలు. మాణిక్ పెండ్లాం లోపటికెల్లి పీట తెచ్చేసింది కూసొమ్మని. వదిన కూసోలే. మర్లి వచ్చింది. ఇగ గుంతలు తవ్వుడు బంద్. మాణిక్ ముఖం చెల్లక చంద్రన్న వాకిలి తొక్కలే మల్ల. చంద్రన్న పోయిన దినం మాత్రం వచ్చి పాడెకు భుజం పట్టిండు.

ఆ, చంద్రన్నే మొదలు పోయిండు. దానికంటె ముందు మస్తు ఏండ్లు నడిచిన్రులే ఇద్దరు, వదిన కుంటుకుంటనే, మునుపటంత దూరం కాకున్న. గుండె నొప్పన్నడు, మాపటికి లేడు. అన్న దినాలు అయినంక తెల్లారి చూస్తె వదిన చెప్పులు తొడుక్కొని నిలవడ్డది. మల్ల రోడ్డెక్కుతదేమోనని అడ్డం పోయిన. "వదినా, యాడికి?" అన్న. "గుట్టకు. నువ్వొస్తవా?" అన్నది. నాకు మోకాళ్ల నొప్పులు అప్పటికే. అయిన పోయిన. చేండ్లు దాటినం, జర ఎక్కినం. మీద ఒక రాయి కాడ కూసున్నది. కూసొని ఏడ్చింది బిడ్డా. గుట్ట గుట్టంత ఇనేటట్టు ఏడ్చింది. గిరీశ్ పోయిన్నాడు ఏడువలే ఆమె, చంద్రన్న పోయిన్నాడు ఏడువలే. నేను ఎంతసేపని పట్టుకొని కూసున్ననో. కొడుకు కోసం ఏడ్చిందో, మా అన్న కోసమేనో... నేను అడుగలే. ఆమె చెప్పలే.

...కరెంటొచ్చినట్టుంది. జర లేచి మోటరెయ్యి బిడ్డా, మల్ల నీళ్లు దొరకయ్.